జీపు మీంచి చూసిన అడవి

పులిని చూడడానికి జీపెక్కి అడవిలోకి వెళ్లడం, తిరిగొచ్చి దాని మీద ఒక వ్యాసం రాయడం మన దగ్గర ఇటీవలి కాలంలో బాగా పెరిగింది. ఆదివారం అనుబంధాల్లోనూ, యాత్రా సంకలనాల్లోనూ ఇలాంటి వ్యాసం కనిపించని నెల ఉండదు. తడోబా, కన్హా, రణథంబోర్, బందీపూర్, మన నల్లమల - పేర్లు మారతాయి కాని వ్యాసం మారదు. తెల్లవారుజామున చలి, గేటు దగ్గర వరసగా నిలబడ్డ జీపులు, ఎర్రమట్టి దారి, ఒక దుప్పి కూత, ఊపిరి బిగపట్టిన కొన్ని క్షణాలు, ఆ తర్వాత పులి. పులి కనిపించకపోతే కనిపించలేదన్న తియ్యని బాధ. చివర్లో ప్రకృతిని కాపాడుకోవాలన్న ఒక సూక్తి.

వీటిని విమర్శకులు పట్టించుకోరు. ఇది సాహిత్యం కిందకి రాదనీ, కాలక్షేపం రాత అనీ వదిలేస్తారు. అది పొరపాటు. కథను వందమంది చదివితే ఈ వ్యాసాన్ని వెయ్యిమంది చదువుతారు. అడవి అంటే ఏమిటి, అది ఎవరిది, అందులో ఎవరు ఉండాలి అన్న విషయాల్లో మధ్యతరగతి పాఠకుడి అభిప్రాయాలు చాలావరకు ఇక్కడే తయారవుతున్నాయి. అభిప్రాయాలను తయారు చేసే ఏ రాతనైనా పరిశీలించే బాధ్యత విమర్శకు ఉంది. అంచేత ఈ ప్రక్రియ నిర్మాణం ఏమిటి, అది ఎక్కడ నుంచి వచ్చింది, దేన్ని చూపిస్తోంది, దేన్ని మరుగు పరుస్తోంది అన్నది ఇక్కడ చూద్దాం.

1

సఫారీ వ్యాసానికి అయిదు మెట్లున్నాయి. ప్రయాణం, నిరీక్షణ, జాడ, దర్శనం, జ్ఞాపిక. ప్రయాణంలో రచయిత నగరాన్ని తిట్టుకుంటూ అడవికి చేరతాడు. నిరీక్షణలో అడవి వర్ణన ఉంటుంది. జాడ అంటే ఇసుకలో పంజా గుర్తు, కొండముచ్చు అరుపు. దర్శనంలో పులి. జ్ఞాపిక అంటే ఫోటో.

ఈ అయిదు మెట్లూ కొత్తవి కావు. ఇవి వేట కథవి. తుపాకి ఉన్నచోట కెమెరా వచ్చింది, చర్మం ఉన్నచోట ఛాయాచిత్రం వచ్చింది. జంతువు బతికి బయటపడడం గొప్ప మార్పే, అందులో సందేహం లేదు. కాని నేను మాట్లాడుతున్నది కథా నిర్మాణం గురించి. అందులో ఎవరు కర్త, ఎవరు పరికరం అన్న విషయంలో మార్పు రాలేదు.

మన ప్రబంధాల్లో వేట వర్ణనలు కోకొల్లలు. అక్కడ రాజుకు పేరుంటుంది, వంశం ఉంటుంది, ఆయన గుర్రానికి కూడా వర్ణన ఉంటుంది. అడవిని తెలిసినవాళ్లు, వలలు పన్నేవాళ్లు, మృగాన్ని తోలేవాళ్లు గుంపుగా వచ్చి గుంపుగా పోతారు. దీనికి మినహాయింపు లేకపోలేదు. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడు వేటకు తోడు వచ్చినవాడు కాడు, కథానాయకుడు. అడవి మనిషిని కావ్యం నడిమధ్యకు తీసుకురావడం పదహారో శతాబ్దంలోనే మన భాషలో సాధ్యమైందంటే, ఆ తర్వాత మనం వెనక్కి నడిచామని ఒప్పుకోవాలి.

వలస పాలన వేటను రాజ్యాధికార ప్రదర్శనగా మార్చింది. 1911లో అయిదో జార్జి చక్రవర్తి నేపాల్ తరాయిలో వేటాడినప్పుడు ఆయన బృందం కొద్ది రోజుల్లో 39 పులులను చంపింది. మన ప్రాంతానికి వస్తే, 1902లో వరంగల్లు దగ్గరి నెక్కొండలో వైస్రాయి కర్జన్ వేటాడిన పులితో తీయించుకున్న ఛాయాచిత్రం ప్రసిద్ధం. రాజా దీన్‌దయాళ్ స్టూడియో పనితనానికి ఉదాహరణగా దాన్ని ఇప్పటికీ పుస్తకాల్లో అచ్చు వేస్తూనే ఉన్నారు. దాని కింద వైస్రాయి పేరుంటుంది, ఆయన భార్య పేరుంటుంది, ఛాయాగ్రాహకుడి పేరుంటుంది. ఆ పులిని తుపాకి ముందుకు తోలిన పల్లెటూరి మనుషుల పేర్లు ఎక్కడా లేవు. నిజాం రాజ్యంలో అధికారుల వేటకు అడవి తోలడం కూడా వెట్టిలో భాగమేనన్న సంగతి తెలంగాణ చరిత్ర చదివినవాళ్లకు చెప్పనక్కరలేదు.

ఇప్పటి సఫారీ వ్యాసంలో ఆ స్థానంలో ఉన్నవాడు గైడు. పంజా గుర్తు తాజాదో పాతదో చెప్పేది అతడు. దుప్పి కూతకూ నెమలి కూతకూ తేడా పట్టేది అతడు. జీపు ఆపమనేది అతడు. కాని వాక్యంలో కర్త స్థానం రచయితది. 'మేము పులి జాడ కనిపెట్టాం' అని రాస్తాం. వ్యాకరణం కూడా వర్గ స్వభావం లేనిది కాదని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

2

ఈ నిర్మాణం ఏం దాస్తుందో తెలియాలంటే ఒక నిర్దిష్టమైన అడవిని తీసుకోవాలి. నల్లమలనే తీసుకుందాం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అదే సంవత్సరం లెక్కల్లో దేశంలో పులులు 1,827 అని తేలింది. 1973 ఏప్రిల్ 1న తొమ్మిది అభయారణ్యాలతో ప్రాజెక్ట్ టైగర్ ప్రారంభమైంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ఏర్పడింది. 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో అది అప్పట్లో దేశంలోకెల్లా పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ అభయారణ్యం అయింది. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు దాని మధ్య నుంచే వెళుతుంది. జంతువుల కోసం రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఆ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. మన్ననూరు దాటాక ఫరహాబాద్ గేటు నుంచి సఫారీ బండ్లు లోపలికి పోతాయి. ఆ దారిలోనే నిజాం కాలపు వేట బంగళా శిథిలాలున్నాయి. పాత వేటగాళ్లు దిగిన చోటికే కొత్త యాత్రికులు చేరుతున్నారన్నమాట.

ఇదంతా వ్యాసాల్లో ఉంటుంది. ఉండనిది చెంచు. ఉన్నా రెండు వాక్యాల్లో, విల్లంబులతో, తేనెతో, 'అమాయకులైన' అన్న విశేషణంతో ఉంటాడు. చెంచులు తమ నివాసాలను పెంటలంటారు. హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రజ్ఞుడు వాళ్ల మధ్య తిరిగి 1943లో ఒక పెద్ద గ్రంథమే ప్రకటించాడు. తేనె తీయడానికి లోయ అంచున తాడు పట్టుకుని దిగే మనిషి, పైన ఆ తాడు ఎవరి చేతిలో పెడతాడన్నది చెంచు సమాజంలో బంధుత్వాన్ని నిర్ణయించేంత ముఖ్యమైన విషయం. తపసి బంక, ఇప్పపువ్వు, తేనె, దుంపలు - ఏ నెలలో ఏది, ఏ వాగు పక్కన అన్నది వాళ్లకు నోటి లెక్క. శ్రీశైలం మల్లన్నను అల్లుడని పిలుచుకునే జనం వాళ్లు. వాళ్లకు అడవి చూడవలసిన వస్తువు కాదు, బతకవలసిన చోటు.

ఇప్పుడు చట్టం సంగతి. 2006లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ ప్రకారం పులుల అభయారణ్యంలో కోర్ ప్రాంతం జనసంచారం లేకుండా ఉండాలి. అయితే అక్కడి ప్రజల హక్కులు గుర్తించిన తర్వాతే, వాళ్లు స్వచ్ఛందంగా ఒప్పుకుంటేనే తరలింపు జరగాలని కూడా అదే సవరణ చెప్పింది. అదే ఏడు అటవీ హక్కుల చట్టం కూడా వచ్చింది. తరలి వెళ్లే కుటుంబానికి పది లక్షలుగా ఉన్న పరిహారాన్ని 2021లో పదిహేను లక్షలు చేశారు. కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయనీ, వాటి తరలింపును త్వరపెట్టాలనీ జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2024 జూన్‌లో రాష్ట్రాలకు రాసింది.

మరోవైపు యాత్రికుల సంగతి చూడండి. కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని సుప్రీంకోర్టు 2012 జూలైలో ఆపివేసింది. అక్టోబరులో ఆ నిషేధం తొలగిపోయింది. అప్పుడు వచ్చిన మార్గదర్శకాలు కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించకుండా పర్యాటకానికి అవకాశం ఇచ్చాయి. అంటే ఒకే నేల మీద రెండు రకాల మనుషులున్నారు. తరతరాలుగా అక్కడే ఉంటూ దుంప తవ్వుకునేవాడు సమస్య అయ్యాడు. మూడు గంటలకు టికెట్టు కొనుక్కుని డీజిలు బండిలో వచ్చినవాడు అతిథి అయ్యాడు. ఈ వైరుధ్యం మీద ఒక గొప్ప కథ రాయవచ్చు. సఫారీ వ్యాసం మాత్రం దీన్ని తాకదు. తాకితే దాని నిర్మాణమే కూలిపోతుంది. అడవి ఖాళీగా ఉందన్న ఊహ మీదనే ఆ వ్యాసం నిలబడి ఉంది.

3

ఇతరులను అన్నాను కనుక నా మాట కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట తోటి ఉపాధ్యాయులతో కలిసి నల్లమలలో నేను కూడా ఆ జీపెక్కాను. వచ్చి ఒక వ్యాసం రాశాను. అచ్చయింది. మిత్రులు మెచ్చుకున్నారు. వచనం బాగుందన్నారు. ఆ గర్వంతో ఎనిమిదో తరగతిలో యాత్రా రచన పాఠం చెబుతూ, ఉదాహరణగా దాన్ని చదివి వినిపించాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు. అయిపోయాక వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "ఆ గైడు పేరేంది సార్?"

నాకు తెలియదు. మూడు గంటలు ఒకే బండిలో, నాకు మూరెడు దూరంలో నిలబడ్డ మనిషి పేరు నేను అడగలేదు. ఇంటికి వెళ్లి వ్యాసం మళ్లీ చదివాను. అందులో బండి తయారు చేసిన కంపెనీ పేరుంది. నా కెమెరా పేరుంది. ఆరు రకాల పక్షుల పేర్లున్నాయి. వాటిలో నాలుగు ఆ యువకుడు చెప్పగా నేను రాసుకున్నవే. అతని గురించి 'మా చెంచు గైడు' అన్న మాట రెండు చోట్ల ఉంది.

ఇంకొక సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఒక మలుపు దగ్గర చింతచెట్ల గుంపు చూపించి అతడు, "మా తాత వాళ్ల పెంట గక్కడుండె సార్" అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఎక్కడో దుప్పి కూసింది. మేమంతా ఒక్కసారిగా 'ష్' అన్నాం. అతడు ఆగిపోయాడు. పులి రాలేదు. ఆ కథ కూడా మళ్లీ మొదలు కాలేదు. నా వ్యాసంలో ఆ చోట అడవి నిశ్శబ్దం గురించి ఒక పేరా ఉంది. మిత్రులు ప్రత్యేకించి మెచ్చుకున్న పేరా అదే. ఆ నిశ్శబ్దం అడవిది కాదు. మేము ఒక మనిషి నోరు మూయించగా వచ్చింది.

ఇది నా ఒక్కడి తప్పిదమే అయితే ఇక్కడ రాయనక్కరలేదు. నేను చెడ్డ ఉద్దేశంతో ఆ వ్యాసం రాయలేదు. ఆదివాసుల పట్ల సానుభూతి ఉన్నవాణ్ణే, అభ్యుదయ సాహిత్యం చదువుకున్నవాణ్ణే. అయినా ఆ ప్రక్రియలోకి దిగగానే అది నన్ను తన దారిన నడిపించింది. రచయిత దృక్పథం ఒక్కటే చాలదు, ఎత్తుకున్న రూపం కూడా ఒక దృక్పథాన్ని మోసుకొస్తుందనడానికి నా వ్యాసమే సాక్ష్యం. వస్తువు ముఖ్యమా శిల్పం ముఖ్యమా అని మనం చాలాకాలం వాదించుకున్నాం. శిల్పంలోనే వస్తువును ఎంచే జల్లెడ ఉంటుందన్న సంగతి నాకు ఆ అమ్మాయి ప్రశ్నతో తెలిసింది.

4

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పులి బతకవద్దా? తప్పక బతకాలి. 2006 లెక్కల్లో 1,411కి పడిపోయిన పులుల సంఖ్య 2022 అంచనాలో సగటున 3,682కి చేరింది. అది చిన్న విజయం కాదు. కృష్ణలో కలిసే ఎన్నో వాగులు ఆ కొండల్లో పుట్టి, ఆ అడవి నిలిపిన నీటితో పారుతున్నాయి. పులి నిలిచిన అడవిలో ఆ నీరు కూడా నిలుస్తుంది. నల్లమలలో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచులు, పర్యావరణవాదులు, రచయితలు ఒక్క గొంతుతో ఎదిరించారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. పులి క్షేమం, చెంచు క్షేమం ఒకటి కాగలవని ఆ ఉద్యమం చూపించింది. అభయారణ్యంలో కాపలా శిబిరాల్లో పనిచేస్తున్నవాళ్లలో చెంచు యువకులు చాలామంది ఉన్నారు. పులిని కాపాడుతున్న చేతులు ఎవరివో మనం మరిచిపోకూడదు.

మనిషిని పంపించేస్తే పులి దానంతట అది బతుకుతుందన్నది కూడా నిలవని వాదం. రాజస్థాన్‌లోని సరిస్కా సంగతి చూడండి. లెక్కల పుస్తకాల్లో ఉన్న పులులు అడవిలో లేవని 2005లో బయటపడింది. దొంగవేటగాళ్లు ఒక్కటి కూడా మిగల్చలేదు. ఆ దెబ్బకు ప్రధాని ఏర్పాటు చేసిన టాస్క్ ఫోర్స్, స్థానిక ప్రజలను శత్రువులను చేసుకుని పులిని రక్షించలేమని తేల్చింది. పన్నాలో కూడా 2009 నాటికి అదే గతి పట్టింది. పులులు పోయిన తర్వాత కూడా అవి ఉన్నాయనే నమ్మకంతో జీపులు తిరిగి ఉంటాయి కదా! అడవిని మూడు గంటల ప్రదర్శనగా మాత్రమే చూసే కంటికి అది ఖాళీ అయిపోయిన సంగతి కూడా కనిపించదు.

అదే సమయంలో మన వైపు లోపాన్ని కూడా ఒప్పుకోవాలి. అభ్యుదయ కథల్లో పులి ఎంతో కాలం భూస్వామికో, పోలీసుకో, షావుకారుకో ప్రతీకగా మాత్రమే తిరిగింది. అడవి మన కథల్లో పోరాటానికి ఒక పచ్చని తెరగా వేలాడింది. నిజమైన పులికి ఆకలి ఉంటుంది, పిల్లలుంటాయి, తన హద్దు ఉంటుంది. దాని చారలు మరో పులి చారలతో కలవవు. ఇప్పటి లెక్కలకు కెమెరాల్లో చిక్కిన ఆ చారలే ఆధారం. పులిని ప్రతీకను చేసి దాని పులితనాన్ని తీసేయడం, చెంచును అమాయకుణ్ణి చేసి అతని మనిషితనాన్ని తీసేయడం ఒకే రకమైన సోమరితనం. యాత్రికుడి వ్యాసాన్ని తప్పుపట్టే ముందు మన కథను కూడా ఆ గీటురాయి మీదే గీసి చూడాలి.

5

మరి వేరే రకంగా రాయడం సాధ్యమా? సాధ్యమేనని కొన్ని పుస్తకాలు చెబుతున్నాయి.

ముందుగా జిమ్ కార్బెట్. ఆయన వలస పాలకుల జాతివాడు. తండ్రి వంటి దొర అన్న ధోరణి ఆయన రాతలో దాగదు. ఆ పరిమితి చెప్పుకుంటూనే ఒక సంగతి గమనించాలి. 1944లో వచ్చిన కుమావూ నరభక్షక పులుల పుస్తకంలో ఆయన చాలావరకు నడుస్తాడు. నడిచేవాడికి ఊళ్లు తగులుతాయి, మనుషులు తగులుతారు, కట్టెల కోసం వెళ్లి చచ్చిపోయిన స్త్రీ ఇల్లు తగులుతుంది. 436 మందిని చంపిందని చెప్పే చంపావత్ పులిని కూడా ఆయన రాక్షసిగా చిత్రించడు. అది ఎందుకు అలా మారిందని అడుగుతాడు. విరిగిన కోర, పాత తుపాకి గాయం, ముళ్లపంది ముళ్లు, ఇలా కారణం వెతుకుతాడు. 1952లో రాసిన 'మై ఇండియా'ను ఈ దేశపు పేదలకు అంకితమిచ్చాడు. అందులో వాళ్లు పేర్లతో ఉన్నారు. తుపాకి పట్టిన ఆ దొర పుస్తకాల్లో ఉన్నన్ని పేర్లు కెమెరా పట్టిన మన వ్యాసాల్లో లేకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

రెండోది బిభూతిభూషణ్ వందోపాధ్యాయ 'ఆరణ్యక్'. తెలుగులో 'వనవాసి'గా వచ్చింది. అందులో కథకుడు సత్యచరణ్ అడవిని ప్రేమిస్తాడు. ఆ అడవిని కౌలుకిచ్చి నరికించే ఎస్టేటు ఉద్యోగి కూడా అతడే. ప్రేమా, అపరాధమూ ఒకే మనిషిలో ఉన్నాయి, ఆ సంగతి అతనికి తెలుసు. అడవిలో పూలమొక్కలు తెచ్చి నాటే యుగళప్రసాద్, రాజ్యం పోయిన ముసలి ఆదివాసీ రాజు దోబ్రు పన్నా అతని కథకు అలంకారాలు కారు, అతణ్ణి ప్రశ్నించే మనుషులు. తాను ఎక్కి కూర్చున్నది ఏమిటో తెలిసిన కథకుడు అతడు. సఫారీ వ్యాసంలో లేనిది సరిగ్గా ఆ ఎరుకే.

మూడోది మన కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలి కాపరి అడవిలోకి పోతాడు. అతనికి అడవి అందంగా ఉందా అన్న ప్రశ్నే లేదు. ప్రతి చప్పుడుకూ అతనికి ఒక అర్థం ఉంది. ఆ అర్థం మీద అతని తిండి ఆధారపడి ఉంది. ఇందులో కూడా వెతుకులాట ఉంది, నిరీక్షణ ఉంది, జాడ ఉంది. అంటే నేను పైన చెప్పిన మెట్లు చాలావరకు ఇక్కడా ఉన్నాయి. కాని వెతుకుతున్నవాడు మారాడు. దానితో అడవి మొత్తం మారిపోయింది.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక సూత్రం తేలుతుంది. రాసేవాడు తన ఆసనం ఎక్కడుందో దాచకూడదు. జీపెక్కడం పాపం కాదు. జీపు లేనట్టు, టికెట్టు కొననట్టు, దారి ఎవరూ చూపనట్టు, అడవి నేరుగా మనతోనే మాట్లాడినట్టు రాయడం అసత్యం. వాస్తవికత అంటే పేదవాడి గుడిసెను వర్ణించడం మాత్రమే కాదు. ఆ గుడిసెను ఏ కిటికీలోంచి చూస్తున్నామో చెప్పడం కూడా.

ఈ ప్రక్రియను వదిలేయమని నేను అనను. కొత్తగా రాస్తున్న మిత్రులకూ, సాహిత్య విద్యార్థులకూ నా సూచన ఒక్కటే. అడవి మీద రాసిన ఏ వ్యాసాన్నయినా, మీదైనా నాదైనా, మూడు ప్రశ్నలతో పరీక్షించండి. దారి చూపిన మనిషికి ఇందులో పేరుందా? ఈ చోట ఇదివరకు ఎవరున్నారో, ఇప్పుడు ఎందుకు లేరో ఉందా? పులి కనిపించకపోయి ఉంటే, ఈ వ్యాసంలో చెప్పడానికి ఇంకేమైనా మిగిలి ఉండేదా? ఈ మూడింటికీ నా వ్యాసం దగ్గర జవాబు లేదు. దాన్ని ఏ సంపుటిలోనూ చేర్చకూడదని నిర్ణయించుకున్నాను.

మళ్లీ వెళతాను. ఈసారి మొదట అడగవలసింది పులి ఎక్కడ ఉంటుందని కాదు. ఆ చింతచెట్ల కథ సగంలో ఆగి ఉంది. చెప్పడానికి అతనికి ఇష్టమైతే, దుప్పి కూసినా సరే, కూర్చుని వినాలి.